మెడ్‌వే నది మీద రెండు రోజులు: బోటు తీసుకునే ముందు

"అన్నయ్యా, మేం ఇంగ్లండు వచ్చి ఎనిమిది నెలలైంది. జూన్‌లో రెండు జంటలం, ఒక ఆరేళ్ల పాప, కెంట్‌లో మెడ్‌వే నది మీద శని ఆదివారాలు మోటారు బోటు తీసుకుని తిరుగుదామనుకుంటున్నాం. లైసెన్సు కావాలా? మన డ్రైవింగ్ లైసెన్సు పనికొస్తుందా?"

తమ్ముడూ, ముందు లైసెన్సు సంగతి తేల్చేస్తాను. సముద్రపు పోటు తగిలే నీళ్లలో సరదాకి బోటు నడపడానికి బ్రిటన్‌లో చట్టప్రకారం లైసెన్సు అక్కర్లేదు. కారు లైసెన్సుకీ దీనికీ సంబంధం లేదు. చట్టం అడగకపోయినా బోటు అద్దెకిచ్చేవాళ్లు, ఇన్సూరెన్సువాళ్లు మాత్రం ఏదో ఒక కాగితం అడుగుతారు. బోటు నడపడం నేర్పే రాయల్ యాటింగ్ అసోసియేషన్ (ఆర్‌వైఏ) వాళ్లది పవర్‌బోట్ లెవెల్ 2 అని రెండు రోజుల కోర్సు ఉంది. నువ్వొక్కడివే చేస్తే చాలదు, మీలో ఇంకొకరు కూడా చేయండి. చుక్కాని పట్టుకున్నవాడే నీళ్లలో పడితే బోటు వెనక్కి తిప్పేదెవరు?

నువ్వు అడగకుండా వదిలేసిన ప్రశ్న ఇంకొకటుంది: ఎన్నింటికి బయల్దేరాలి? హోటలు గదిలాగా పదకొండింటికి తాళాలు తీసుకుని, ఫొటోలు దిగి, తీరిగ్గా కదలడం ఇక్కడ కుదరదు. అలింగ్టన్ లాకుకి పైన మెడ్‌వే మామూలు నది, నీళ్లు ఎప్పుడూ ఒకే వైపు పోతాయి. లాకుకి కింద సముద్రపు పోటు తగులుతుంది, రోచెస్టర్, చాథమ్, షీర్‌నెస్ దాకా నది రోజుకి నాలుగుసార్లు దిక్కు మార్చుకుంటుంది. పోటుకీ పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకే ఇవాళ్టి పోటు రేపు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది.

షీర్‌నెస్ దగ్గర పెద్ద పోటు రోజుల్లో, అంటే అమావాస్య పౌర్ణమి ప్రాంతంలో, నీళ్లు సగటున 5.8 మీటర్ల దాకా లేచి, ఆటు వేళకి 0.6కి దిగుతాయి. అంటే ఆరు గంటల్లో ఐదు మీటర్ల పైచిలుకు, రెండంతస్తుల మేడంత. చిన్న పోటు రోజుల్లో, అంటే అష్టమి ప్రాంతంలో, 4.7 దాకా లేచి 1.5కి దిగుతాయి. ఇది సమానంగా దిగదు. తేడాని పన్నెండు వంతులు చేస్తే మొదటి గంటలో ఒక వంతు, రెండో గంటలో రెండు, మూడు నాలుగు గంటల్లో మూడేసి, మళ్లీ రెండు, ఆఖరికి ఒకటి. లెక్క కట్టు: పెద్ద పోటు రోజున మధ్య రెండు గంటల్లోనే రెండున్నర మీటర్లు పోతాయి. మొదటి గంటలో ఏమీ కదలనట్టు ఉంటుంది. అక్కడే మోసపోతాం.

నేను మోసపోయిన రోజు చెబుతాను. పదిహేనేళ్ల కిందటి మాట, తప్పు పూర్తిగా నాదే. ఆ శనివారం పోటు పన్నెండున్నరకి. నది పక్కన పాయలుగా చీలిన ఉప్పుటేళ్లలో ఒకదాంట్లోకి వెళ్లి లంగరు వేశాం. చుట్టూ అద్దంలాంటి నీళ్లు. తిన్నాం, కునుకు తీశాం. రెండున్నరకి అడుగున ఏదో మెత్తగా తగిలింది. నేను కంగారుపడి ఇంజిను గట్టిగా ఇచ్చాను. అది బురద పీల్చుకుని వేడెక్కి ఊరుకుంది. పావుగంటలో బోటు ఒక పక్కకి ఒరిగింది. గంటలో మా చుట్టూ కనుచూపు మేర నల్లటి ఒండ్రు, దాని మీద పిట్టలు. పోటు తర్వాత రెండు గంటలకి కూరుకున్నాం కాబట్టి, తర్వాతి పోటుకి రెండు గంటల ముందు గానీ తేలం. అంటే రాత్రి పదకొండు. ఎనిమిదిన్నర గంటలు, ఇద్దరు పిల్లలు, రెండు సీసాల నీళ్లు.

దిగి తోద్దామని మా బావమరిది కాలు కింద పెట్టబోయాడు. అదృష్టం, మా ఆవిడ చొక్కా పట్టుకుని లాగింది. ఆ ఒండ్రు ఊబిలాంటిది. అందులో దిగినవాణ్ని నీళ్లు తిరిగొచ్చేలోపు బయటికి లాగడం లైఫ్‌బోటు వాళ్లకే కష్టం. ఎప్పుడూ బోటులోనే ఉండాలి. 999కి ఫోను చేసి "కోస్ట్‌గార్డ్" అని అడగాలి, పోలీసులని కాదు. రేడియో ఉంటే 16వ ఛానెలు. వాళ్లు మమ్మల్ని ఒక్క మాట అనలేదు, మనసులో ఏమనుకున్నారో గానీ. ఎవరికైనా దెబ్బ తగిలిందా, అందరికీ లైఫ్ జాకెట్లు ఉన్నాయా అని అడిగి, తేలాక మళ్లీ చెప్పమన్నారు. రేడియో మామూలుగా వాడాలంటే దానికి వేరే సర్టిఫికెట్ ఉంది, ప్రాణం మీదికొస్తే మాత్రం ఎవరైనా మాట్లాడొచ్చు.

ఆ రాత్రి తర్వాత నేర్చుకున్నవే ఇవన్నీ. చార్టులో, అంటే నీటి లోతులు చూపే మ్యాపులో, రాసిన లోతు అత్యంత తక్కువ ఆటు నుంచి కొలిచింది. ఆకుపచ్చ రంగు వేసిన చోటు ఆటులో ఎండిపోతుంది. అక్కడ అంకె కింద గీత ఉంటే అది లోతు కాదు, నేల అంత ఎత్తున బయటపడుతుందని అర్థం. అలా గీత ఉన్న అంకె 1.4 అయి, ఆ గంటకి నీటి ఎత్తు 3 మీటర్లయితే, నీకు మిగిలేది 1.6. బోటు అడుగు 0.9 దిగితే కింద 0.7 మాత్రమే. నీళ్లు తగ్గుతున్నప్పుడు తెలియని ఏటిలోకి అసలు వెళ్లకు. పెరుగుతున్నప్పుడు నేల తగిలినా పది నిమిషాల్లో అదే లేపుతుంది.

పోటు పట్టికలో ఇంకో చిక్కుంది. అచ్చులో వచ్చేవి చాలావరకు జీఎంటీలో, అంటే ఇక్కడి చలికాలపు టైములో ఉంటాయి. మార్చి ఆఖరి ఆదివారం నుంచి అక్టోబర్ ఆఖరి ఆదివారం దాకా ఒక గంట కలుపుకోవాలి. ఫోనులో కొన్ని కలిపే చూపిస్తాయి. మళ్లీ కలిపావో, గంట తేడా, ఒకటింబావు మీటర్ల తేడా. ఏ టైములో ఉందో పట్టిక మీదే రాసి ఉంటుంది, చూసుకో.

ఇక దారి. రోడ్డు మీద ఎడమ, నీళ్ల మీద కుడి. ఇరుకు కాలువలో కుడి అంచు పట్టుకునే వెళ్లాలి. సముద్రం వైపు నుంచి లోపలికొస్తుంటే ఎర్ర బోయ్ (నీళ్ల మీద తేలే దారి గుర్తు) నీ ఎడమన, పచ్చది కుడిన ఉండాలి. బయటికి పోయేటప్పుడు తిరగేసి. అమెరికాలో ఈ రంగులు తారుమారు, అక్కడి వీడియోలు చూసి నేర్చుకోకు. పెద్ద ఓడలు వస్తాయి, అవి ఆగలేవు, నువ్వే తప్పుకోవాలి. షీర్‌నెస్ బయట 1944లో మునిగిన రిచర్డ్ మాంట్‌గోమరీ అనే అమెరికన్ ఓడ కడుపులో ఇప్పటికీ సుమారు 1,400 టన్నుల పేలుడు సామగ్రి ఉంది. చుట్టూ బోయ్‌లు పెట్టి హద్దు గీశారు. సెల్ఫీ కోసం ఆ పక్కకి పోవద్దు.

గాలి ఒకవైపు, నీళ్లు ఎదురు వైపు అయితే అలలు పొట్టిగా, నిటారుగా లేస్తాయి. పాపకి వాంతులు ఖాయం. అదే గాలి, రెండు గంటలాగితే నీళ్లు తిరిగి, అంతా సర్దుకుంటుంది.

లైఫ్ జాకెట్ల విషయంలో మొహమాటం వద్దు. మనలో చాలామందికి ఈత రాదు, వచ్చినవాళ్లకి చెరువులో వచ్చు. చన్నీళ్లలో పడగానే ఊపిరి దానంతటదే ఎగపీలుస్తుంది, ఆ ఒకటి ఒకటిన్నర నిమిషం వెల్లకిలా తేలడమే పని, ఈత తర్వాత. పాప కొలతకి తగిన జాకెట్, కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీతో సహా, రేవులోనే తొడిగించు. ఇంజినుకి కిల్ కార్డ్ అని ఎర్రతాడు ఉంటే నడిపేవాడి కాలికి కట్టి ఉండాలి. నువ్వు పడితే ఇంజిను ఆగాలి, నీ మీదికి తిరిగి రాకూడదు.

రాత్రికి క్వీన్‌బరో మంచిది. స్వేల్ కాలువ పడమటి మూతి దగ్గర, ఆటులోనూ బోటు తేలే ఉండేంత లోతు. పక్కనున్న డెడ్‌మన్స్ ఐలండ్ మీదికి దిగనివ్వరు. పాత ఖైదీ ఓడల్లో చనిపోయినవాళ్లని అక్కడే పాతిపెట్టారు. పాపకి ఆ కథ రాత్రి చెప్పకు.

ఇప్పుడు నువ్వు విడిగా రాసి పంపిన జూన్ శనివారం తేదీ సంగతి. క్యాలెండర్లో తిథి చూశాను, అమావాస్య వెళ్లిన మర్నాడు. షీర్‌నెస్‌లో అమావాస్యకీ పౌర్ణమికీ పోటు మధ్యాహ్నం పన్నెండు ఒంటిగంట ప్రాంతంలో, అర్ధరాత్రి ప్రాంతంలో ఇంకోసారి వస్తుంది. చూడ్డానికి నీకు భలే అనువైన వేళ, అందుకే నేనూ ఆ వేళకే పడ్డాను. నీళ్లు గట్టిగా లాగేది కూడా అప్పుడే. ఒక వారం అటో ఇటో జరుపు. అష్టమి ప్రాంతంలో పోటు పొద్దున ఆరేడు మధ్య వస్తుంది, లాగుడు తక్కువ. శుక్రవారం సాయంత్రమే రోచెస్టర్ దగ్గర బోటు ఎక్కి అందులోనే పడుకోండి. శనివారం పొద్దున్నే పోటు తిరగగానే తాడు విప్పితే, ఆటే మిమ్మల్ని క్వీన్‌బరో దాకా తీసుకెళుతుంది. ఆదివారం తీరిగ్గా లేవండి. రెండు ప్రాంతంలో నీళ్లు పెరగడం మొదలవుతుంది, మూడింటికి బయల్దేరితే వెలుతురుండగానే రోచెస్టర్‌లో ఉంటారు. గంటలు ఆ వారం పట్టికతో సరిచూసుకుని, నాకొకసారి పంపు.