2018లో మంచి రివ్యూలు వచ్చిన తెలుగు సినిమాల్లో ముందు ఏది చూడాలి?

ఆ ఏడాది మీరు దేశంలో లేరు, ఇప్పుడు తీరిక దొరికింది, 2018లో బాగా రివ్యూలు వచ్చిన తెలుగు సినిమాలు ఏవో, దేంతో మొదలుపెట్టాలో చెప్పమన్నారు.

మహానటి, రంగస్థలం, కేరాఫ్ కంచరపాలెం. ఈ మూడింటి దగ్గర రివ్యూలు రాసేవాళ్లకీ టికెట్ కొనేవాళ్లకీ పెద్దగా పేచీ రాలేదు. వీటి వెనక గూఢచారి, చి.ల.సౌ., సమ్మోహనం, అ! వస్తాయి. పేర్లు చాలనుకుంటే ఇక్కడితో ఆపేయొచ్చు. కానీ రేటింగులు చూసి మాత్రం వరస కట్టకండి. ఒక్కో సినిమాను ఒక్కోదానికి మెచ్చుకున్నారు. దేన్ని మెచ్చుకున్నారో తెలిస్తే ఏది, ఎలా, ఎవరితో చూడాలో తేలుతుంది. ఇది నాకు ఆ ఏడాదే, కాస్త దెబ్బ తిన్నాకే తెలిసింది.

మాది వైజాగ్, మర్రిపాలెం. నాది షిఫ్టు ఉద్యోగం. ఎ షిఫ్టు పడితే ఫస్ట్ షో, బి షిఫ్టు పడితే మార్నింగ్ షో, సి షిఫ్టు పడితే నిద్రమొహంతో మ్యాటినీ. పెళ్లి కాలేదు, జీతంలో ఒక వాటా సినిమాలకే పోయేది.

రంగస్థలం మార్చి 30న వచ్చింది. జగదాంబ వైపు టికెట్లు దొరకలేదు, ఇంకో హాలుకి వెళ్లాం. పేరెందుకులెండి. ఎడమవైపు స్పీకరు మొదటి రీలు నుంచీ గరగరలాడుతూనే ఉంది. ఇంటర్వెల్లో వెళ్లి చెబితే అక్కడున్నాయన మా మొహాలు చూసి, బాగానే వస్తోంది కదండీ, పాటలకి ఊగారు కూడా అన్నాడు. సినిమాలో రామ్‌చరణ్ వేసిన చిట్టిబాబుకి చెవులు సరిగా వినపడవు. ఊళ్లో వాళ్లు అతన్ని సౌండ్ ఇంజనీరు అంటారు. ఆ రోజు హాల్లో మేమంతా సౌండ్ ఇంజనీర్లమే. అన్న చెప్పేది తమ్ముడికి వినపడక అల్లాడిపోయే చోట మాకూ వినపడలేదు, కానీ మా కారణం వేరు.

మరుసటేడు ఆగస్టులో 66వ జాతీయ అవార్డులు ప్రకటించారు. రంగస్థలానికి దేనికి వచ్చిందో చూడండి, సౌండ్ మిక్సింగ్‌కి! రాజాకృష్ణన్ అనే ఆయనకి. అప్పుడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మళ్లీ చూశాను. ఎనభైల నాటి గోదావరి పల్లె అని చూపించిన ఆ ఊరిలో చాలా భాగం హైదరాబాద్‌లో వేసిన సెట్టు. దాన్ని నిజం ఊరు అనిపించిన దాంట్లో సగం పని చప్పుళ్లదే అని నాకు అప్పుడు అర్థమైంది. కాబట్టి దీన్ని ఫోన్ స్పీకర్లో చూస్తే నా మొదటి షో లాగే ఉంటుంది.

మహానటి మే 9న. దీనికి అమ్మను తీసుకెళ్లాను. అమ్మ ఇంట్లో బ్లౌజులు కుడుతుంది, సావిత్రి అంటే ప్రాణం. రివ్యూలన్నీ కీర్తి సురేష్‌ని ఆకాశానికెత్తాయి, అది న్యాయమే, ఆమెకి జాతీయ ఉత్తమ నటి అవార్డు కూడా వచ్చింది. అమ్మ మాత్రం హాల్లో పక్కసీటు నుంచి నా మోచెయ్యి పొడుస్తూ, "చేతులు సూడు, చేతులు" అంటోంది. అభినయం గురించి అనుకున్నాను. కాదు, జాకెట్టు చేతులు. సావిత్రి చిన్నపిల్లగా మద్రాసు చేరినప్పటి కుట్టు వేరు, పెద్ద తార అయ్యాక వేరు, చివరి రోజుల్లో వేరట. మెడ దగ్గర లోతు ఎప్పుడు ఎంత మారిందో ఇంటికొచ్చి పాత గుడ్డముక్క మీద సుద్దతో గీసి చూపించింది. ఆ సినిమాకి దుస్తులకి కూడా జాతీయ అవార్డు వచ్చిందని చెప్పినప్పుడు, "మరి నాను సెప్పినాను గదేటి" అని కుట్టుమిషను తొక్కుకుంటూనే అంది. ఉత్తమ తెలుగు చిత్రం కూడా అదే.

అమ్మకి ఆ సినిమా మీద ఒకటే కోపం, సావిత్రి భర్త జెమినీ గణేశన్‌ని మరీ మెత్తగా చూపించి ఒగ్గీసినారని. విచిత్రం ఏంటంటే ఆయన కూతురు కమలా సెల్వరాజ్ తన తండ్రిని తక్కువ చేసి చూపించారని బాహాటంగానే బాధపడ్డారు. ఇద్దరిలో ఎవరిది సబబో నేను చెప్పను, సాయంత్రం అన్నం తినాలి కదా.

ఇక మా మర్రిపాలెం పక్కనే ఉన్న కంచరపాలెం సినిమా. సెప్టెంబరు 7న విడుదలైంది, వినాయక చవితి ఇంకో ఆరు రోజులుందనగా. అది ఎందుకు చెబుతున్నానంటే, ఆ సినిమాలో విగ్రహాలు చేసే ఒక నాన్న ఉంటాడు. సినిమా చూసి బయటికొస్తే ఊళ్లో సందుసందునా విగ్రహాలకు రంగులు వేస్తున్నారు. ఏది తెర, ఏది వీధి అన్నట్టుంది. వెంకటేష్ మహాకి దర్శకుడిగా అది మొదటి సినిమా. డబ్బు పెట్టిన పరుచూరి ప్రవీణ అమెరికాలో గుండె డాక్టరు, సలీమా పాత్ర కూడా ఆవిడే వేశారు. ఎనభై మందికి పైగా స్థానికులే నటించారు. తర్వాత డబ్బింగ్ చెప్పించకుండా, మాటల్ని షూటింగ్‌లోనే రికార్డు చేశారు. అందుకే మా యాస అంత శుభ్రంగా ఉంది. మామూలుగా సినిమాల్లో మా యాస కామెడీ చేసేవాడికి మాత్రమే ఇస్తారు, ఆ కడుపుమంట మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ఇక్కడ ప్రేమించేవాడు, ఏడ్చేవాడు, ఆఫీసరమ్మ కింద పనిచేసే నలభై తొమ్మిదేళ్ల పెళ్లికాని అటెండరు, అందరూ దాంట్లోనే మాట్లాడతారు. ఆఫీసరమ్మది ఒడిశా కాబట్టి ఆవిడ మాట వేరు, అదీ సరిగ్గా పట్టుకున్నారు.

హాల్లో మా ముందు వరుసలో ఒకావిడ ఎవరో తెరమీదకి రాగానే "మా ఎదురింటాయన, మా ఎదురింటాయన" అని అరిచింది. ఆయన ఒక్క మాటే అన్నాడు, ఈలలు మాత్రం హీరో ఎంట్రీకి పడినట్టు పడ్డాయి. అమ్మకి ఆశ్చర్యం తగ్గలేదు. "ఇది సినిమా ఏటిరా, ఊర్వశి జంక్షన్ కాడికెళ్లి నిలబడితే కనబడీదే గదా" అంది. అది తిట్టో పొగడ్తో చాలాసేపు నాకు తేలలేదు. "ఆశా పాశం" పాట వచ్చేసరికి కొంగు కళ్ల దగ్గరికి వెళ్లింది, అప్పుడు తేలింది.

దీనికి జాతీయ అవార్డు ఒక్కటీ రాలేదు. తెలుగుకి ఆ ఏడాది ఏడు వచ్చాయి. మహానటికి మూడు, అ!కి మేకప్‌కీ స్పెషల్ ఎఫెక్ట్స్‌కీ కలిపి రెండు, రంగస్థలానికి ఒకటి, చి.ల.సౌ.కి ఒరిజినల్ స్క్రీన్‌ప్లేకి ఒకటి. మా వీధిలో దీని మీద ఇప్పటికీ గొణుగుడు ఉంది. న్యూయార్క్ ఇండియన్ ఫిల్మ్ ఫెస్టివల్‌కి ఎంపికైన మొదటి తెలుగు సినిమా అని చెప్పుకుని సర్దుకుంటారు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. గూఢచారి, చి.ల.సౌ. రెండూ ఆగస్టు 3నే వచ్చాయి. అడివి శేష్ గూఢచారిని తక్కువ డబ్బుతో పెద్ద సినిమాలా తీశారని మెచ్చుకున్నారు, నిజమే. మన వైజాగ్‌లో పెరిగిన శోభితా ధూళిపాళకి తెలుగులో మొదటి సినిమా అది. చి.ల.సౌ. మాత్రం నా షిఫ్టు మారేలోపు మా వైపు హాల్లోంచి తీసేశారు, తర్వాత ఫోన్లో చూశాను. పెళ్లిచూపుల పేరుతో ఇద్దరు మనుషులు రాత్రంతా మాట్లాడుకోవడమే, ఫోన్లో చూసినా నష్టం లేదు. సమ్మోహనం ఆదివారం మధ్యాహ్నం భోజనం అయ్యాక చూసే సినిమా. అ! తెలివైనదే కానీ నాకు చివర్లో లెక్క కలిసినంతగా మనసు కలవలేదు. ఈ నగరానికి ఏమైంది సంగతి వేరు. అప్పుడు ఓ మోస్తరుగా ఆడి, 2023 జూన్‌లో మళ్లీ విడుదల చేస్తే కుర్రాళ్లు డైలాగులన్నీ హాల్లో ముందే చెప్పేశారు, మనకి తెరమీద మాట వినపడనే లేదు. నేను వెళ్లిన షోలకి స్పీకర్ల గండం ఏదో ఉన్నట్టుంది.

గీత గోవిందానికి కూడా మంచి రివ్యూలే వచ్చాయి, జనమూ విరగబడ్డారు. నాకు అంతగా ఎక్కలేదు, తిట్టకండి.

మీరు ఇంతకాలం దూరంగా ఉన్నారు కాబట్టి కంచరపాలెంతో మొదలుపెట్టండి. ఒక్క రివ్యూ కూడా చదవకుండా చూడండి, నాలుగు ప్రేమకథలు అని మాత్రం తెలిస్తే చాలు. ఆ తర్వాత అమ్మనో అత్తయ్యనో పక్కన కూర్చోబెట్టుకుని మహానటి. మంచి హెడ్‌ఫోన్స్ కొన్నాక రంగస్థలం. కంచరపాలెంలో ఆ నాలుగు కథల సంగతి నాకు చివరిదాకా తెలియలేదు, అమ్మకి ఇంటర్వెల్లో పాప్‌కార్న్ తింటుండగానే తెలిసిపోయింది. ఎలా పట్టేసిందో మీరు చూశాక చెబుతాను.