పెద్ద హోదాలో ఉన్నవాళ్లతో ఆన్‌లైన్ ఇంటర్వ్యూ: అసలు మాట రాబట్టాలంటే

పీహెచ్‌డీ కోసం ఆసుపత్రుల సీఈఓలతో జూమ్‌లో మాట్లాడుతుంటే అందరూ ప్రెస్‌మీట్‌లో చెప్పినట్టే చెబుతున్నారని, అరగంటకు మించి కూర్చోవడం లేదని రాశారు కదా. టెన్షన్ పడకండి. రోజూ బోర్డుకీ మీడియాకీ జవాబు చెప్పేవాళ్లకు ఆ ధోరణి అలవాటైపోతుంది. ప్రశ్న మారిస్తే జవాబూ మారుతుంది.

"మీ నాయకత్వ శైలి ఏమిటి?" అని అడక్కండి. "ఈ మధ్య మీ టీమే ఒప్పుకోని నిర్ణయం ఒకటి చెప్పండి. ఆ మీటింగ్‌లో ముందు ఎవరు కాదన్నారు?" అని అడగండి. జరిగిన సంఘటనను పట్టుకుంటే ఉపన్యాసానికి చోటుండదు. 1954లో అమెరికన్ మనస్తత్వవేత్త జాన్ ఫ్లానగన్ వివరించిన క్రిటికల్ ఇన్సిడెంట్ (కీలక సంఘటన) పద్ధతి ఇలాంటిదే. మీ థీసిస్‌లో మెథడాలజీ (పరిశోధన పద్ధతి) అధ్యాయంలో ఆధారంగా చూపించుకోవచ్చు.

జవాబు అవ్వగానే తర్వాతి ప్రశ్నకు దూకొద్దు. నాలుగైదు సెకన్లు ఆగండి. ఆన్‌లైన్‌లో మౌనంగా ఉంటే నెట్ పోయిందనుకుంటారు, అందుకే తల ఊపుతూ కనిపించండి. చాలాసార్లు అసలు సంగతి అప్పుడే బయటికొస్తుంది.

అరగంటకు నాలుగు ప్రశ్నలు చాలు. పడకలెన్ని, ఎప్పుడు చేరారు లాంటివి వెబ్‌సైట్‌లో చూసుకోండి. సమ్మతి పత్రం ముందురోజే పీఏ గారికి పంపండి. జూమ్ ఉచిత ఖాతా 40 నిమిషాలకు కట్ అవుతుంది, యూనివర్సిటీ లైసెన్సు ఉంటే అదే వాడండి.

గోప్యత విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. పేరు తీసేసినా "విజయవాడలో 500 పడకల ఆసుపత్రి సీఈఓ" అని రాస్తే ఆ రంగంలో అందరికీ తెలిసిపోతుంది. ఊరు, పడకలు కూడా రాయనని మొదట్లోనే చెప్పండి. రికార్డింగ్ ఆపాక చెప్పినవి వాడుకోవాలంటే మళ్లీ అనుమతి అడగండి.