పాఠం అయ్యాక వచ్చే పిల్ల కోసం

తిరుపతి

చిరంజీవి మేనల్లుడికి మీ అత్త ఆశీస్సులు.

నిన్న మీ నాన్న ఫోను చేశాడు. కుప్పం దగ్గర బడిలో చేరీ చేరగానే శనివారాలు పిల్లలకు ఒంటి గురించి, మంచి స్పర్శ, చెడు స్పర్శ గురించి పాఠాలు మొదలుపెట్టబోతున్నావట. 'వాడికి ఎందుకమ్మా ఈ గొడవ, లెక్కలు చెప్పుకోకుండా' అని వాడి బెంగ. నాకు మాత్రం ముందు గర్వమే కలిగింది. భయం రాత్రి పడుకున్నాక వచ్చింది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఫోనులో అయితే 'సరే అత్తా, సరే అత్తా' అంటూ ఇంకో పని చూసుకుంటావు.

ఇంగ్లండులో 2020 సెప్టెంబరు నుంచి ప్రాథమిక బడుల్లో కూడా ఇలాంటి పాఠం తప్పనిసరి అయింది కదా, అక్కడి పాఠాలు దించుకుని తెలుగులో రాసుకుంటున్నావట. బొమ్మలు తీసుకో, చెప్పే తీరు నేర్చుకో. కానీ 'అమ్మకో నాన్నకో చెప్పు' అన్న వాక్యం రాసే ముందు, నీ తరగతిలో ఎంతమందికి అమ్మానాన్నలు రోజూ ఇంట్లో ఉంటారో కనుక్కో. ఆ ప్రాంతంలో చీకటితోనే రైలెక్కి బెంగళూరు పనికి పోయేవాళ్లున్నారు, అక్కడే ఉండిపోయి పండగలకు వచ్చేవాళ్లున్నారు. పిల్లలు అవ్వ దగ్గరో, పెదనాన్న ఇంట్లోనో పెరుగుతారు. అందుకని నమ్మకమైన పెద్దవాళ్లను ఒక్కో వేలికి ఒక్కరుగా ఐదుగురిని ఎంచుకోమను. అందులో కనీసం ఒక్కరైనా ఆ ఇంటి గడప బయటివాళ్లు ఉండాలి.

చేతులు కడగడం, గోళ్లు కత్తిరించడం, ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న నులిపురుగుల మాత్ర నమిలించడం నీకు తెలిసినవే. ఒంటి భాగాల పేర్లు పుస్తకంలో ఉన్నట్టే చెప్పు. నువ్వు సిగ్గుపడకపోతే పిల్లల నవ్వులు రెండో వారానికే ఆగిపోతాయి. ఐదో తరగతి ఆడపిల్లల్లో ఒకరిద్దరు అదే ఏడు పెద్దమనిషి కావచ్చు, ఆ సంగతి చెప్పడానికి ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎంను పిలిపించు.

నువ్వు పెళ్లికాని కుర్రవాడివి, ఊరికి కొత్త. ఈ మాట నీకు కోపం తెప్పిస్తుందని తెలుసు, అయినా అంటాను. పిల్లలకు చెప్పే ముందు తల్లులను, అవ్వలను పిలిచి అదే పాఠం వాళ్లకు ఒకసారి చెప్పు. తలుపు తీసే ఉంచు. ఏ పిల్లనూ ఒంటరిగా కూర్చోబెట్టుకోకు. స్పర్శ ఎలాంటిదో చూపించడానికి బొమ్మను వాడు, పిల్ల భుజాన్ని కాదు.

ఇక నా నిద్ర చెడగొట్టిన విషయం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పడమటి మండలాల్లో ఒక బడిలో పనిచేశాను. ఊరి పేరు రాయను. మా హెడ్మాస్టరు మంచి మనిషి, జీతంలోంచి పిల్లలకు పలకలు కొనిచ్చేవాడు. ఒకరోజు మూడో తరగతి పిల్లవాడు ఆయన దగ్గరికి వెళ్లి, బాబాయి వరుసైన ఒకతను తనను ఏం చేస్తున్నాడో చెప్పాడు. ఆయన చలించిపోయాడు. వెంటనే పిల్లవాణ్ని మా అందరి ముందుకు తీసుకొచ్చి 'మళ్లీ చెప్పు నాయనా' అన్నాడు. చెప్పాడు. మధ్యాహ్నం సర్పంచి వస్తే ఆయన ముందు మళ్లీ చెప్పించాడు. తండ్రిని పిలిపించి ఇంకోసారి. ఒకసారి వంటింట్లో అన్న పిల్లవాడు ఇంకోసారి పెరట్లో అన్నాడు. 'మాట మారుస్తున్నాడే' అని సర్పంచి గొణిగాడు. చివరికి ఆ మనిషినే పిలిపించి, పిల్లవాణ్ని ఎదురుగా నిలబెట్టి, 'ఇప్పుడు చెప్పు, భయపడకు' అన్నారు.

పిల్లవాడు అతని కాళ్ల వైపు చూస్తూ 'అబద్ధం చెప్పాను సార్' అన్నాడు.

తండ్రి చెయ్యెత్తాడు. 'చిన్నవాడు, కొట్టొద్దన్నా' అని అడ్డుపడింది ఎవరనుకున్నావు, ఆ మనిషే. ఊళ్లో వాడికి మంచిపేరు వచ్చింది. దసరా సెలవుల తర్వాత పిల్లవాడు మళ్లీ బడికి రాలేదు.

హెడ్మాస్టరు దుర్మార్గుడు కాదురా. న్యాయం చేయాలనే అనుకున్నాడు. రచ్చబండ దగ్గర మేకల తగాదా తీర్చినట్టు ఇద్దరినీ నిలబెట్టి అడిగితే నిజం తేలుతుందనుకున్నాడు. ఎనిమిదేళ్ల పిల్లవాడికి అన్నం పెట్టేది ఎవరు, రాత్రి పడుకునేది ఎవరింట్లో అని ఆలోచించలేదు. ఆడపిల్లల సంగతి అయితే ఊరు కొంచెమైనా ఉలిక్కిపడేదేమో. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12 వేలకు పైగా పిల్లలతో మాట్లాడి అధ్యయనం చేసింది. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందని సగానికి పైగా చెప్పారు, వాళ్లలో మగపిల్లలే కొంచెం ఎక్కువ. అందులో మన రాష్ట్రమూ ఉంది. నీ బొమ్మల్లో అన్నీ ఆడపిల్లల బొమ్మలే ఉంటే ముందు అవి మార్చు.

నీ పాఠం బాగా సాగితే, అయ్యాక ఒక పిల్లో పిల్లవాడో సంచి సర్దుకోకుండా వెనకే ఉండిపోతారు. నా భయమంతా ఆ నిమిషం గురించే. 'నువ్వు చెప్పి మంచిపని చేశావు, తప్పు నీది కాదు' అను. ఎవరికీ చెప్పనని మాత్రం మాటివ్వకు, అది నిలబెట్టుకోలేవు. గుచ్చిగుచ్చి అడగకు. వాళ్లు అన్న మాటలు అన్నట్టే, తేదీతో సహా రాసిపెట్టుకో. తర్వాత పోలీసులకు చెప్పు, పిల్లల సహాయం నంబరు 1098కీ ఫోను చెయ్యి.

అప్పుడు మాకు లేని చట్టం ఇప్పుడు నీకుంది. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే ఆ చట్టం, పోక్సో, 2012లో వచ్చింది. తెలిసీ పోలీసులకు చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు పడొచ్చు. సంస్థ బాధ్యుడే తన కింది ఉద్యోగి చేసిన నేరాన్ని దాస్తే ఏడాది వరకు. మంచి ఉద్దేశంతో చెప్పినవాడి మీద కేసు ఉండదు. వాంగ్మూలం పిల్లల ఇంట్లోనో, వాళ్లు కోరిన చోటో తీసుకోవాలి. వచ్చే అధికారి యూనిఫాంలో రాకూడదు, వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళ అయి ఉండాలి. ఇంటి పెద్దలో, ఊరి పెద్దలో 'మనలో మనం చూసుకుందాం' అంటూ వస్తే ఆ సెక్షన్లు చదివి వినిపించు. నీకు మాట పెగలకపోయినా కాగితం పలుకుతుంది.

ఇంకో సంగతి. మీ కుప్పంలోనూ గంగమ్మ జాతర చేస్తారు, పాళెగాడి కథ పిల్లలకు తెలిసే ఉంటుంది. ఆడపిల్లలను చెరిచే ఆ పాళెగాణ్ని వెతకడానికి అమ్మవారు వేషం మీద వేషం కట్టి, దొర వేషంలో వెళ్లి తల నరికిన కథ. నాకు ఎంతో ఇష్టమైన కథే, కానీ నీ పాఠంలో ఒక చిక్కు తెస్తుంది. చెడ్డవాడంటే పెద్ద మీసాల పాళెగాడు అనుకుంటారు పిల్లలు. మన ఊళ్లలో వేషం కట్టేది వాడే. అన్నా అని పిలిపించుకుంటాడు, చిక్కీ కొనిపెడతాడు. 'ఈ సంగతి ఇంట్లో చెప్పొద్దు' అన్నవాడు ఎవరైనా, ఎంత దగ్గరివాడైనా, ఆ మాట వెంటనే చెప్పెయ్యాలని నేర్పు.

'మామయ్యకు ముద్దు పెట్టు, పెట్టకపోతే పెద్దయ్యాక పెళ్లి చేసేస్తాం' అని మూడేళ్ల పిల్లను ఏడిపించి నవ్వుకునే ఇళ్లు మనవి. మన ఇల్లు కూడా! వాళ్లకు ఉపన్యాసం ఇవ్వబోకు, అవ్వలు నిన్ను వాకిట్లోంచే పంపేస్తారు. ఇష్టం లేకపోతే నమస్కారం పెట్టి పక్కకు వెళ్లొచ్చని పిల్లలకు చెప్పు, చాలు. వాళ్లు ముందుగా 'వద్దు సార్' అనేది నీతోనే, బుగ్గ గిల్లినప్పుడో, పాట పాడమన్నప్పుడో. అప్పుడు నవ్వకు, వెంటనే మానెయ్యి.

వేళకు తింటున్నావా? మీ అమ్మ పంపిన పచ్చడి ఒక్కదానితోనే సరిపెట్టుకోకు.

మొదటి పాఠం వచ్చే శనివారం అన్నాడు మీ నాన్న. ఒక వారం వెనక్కి జరుపు. ఈలోగా నీ పోలీసు స్టేషనుకు స్వయంగా వెళ్లి, అక్కడ మహిళా ఎస్సై ఉన్నారో లేదో, లేకపోతే ఎక్కడినుంచి వస్తారో కనుక్కో. నంబరు రాసుకుని ఆదివారం నాకు ఫోను చెయ్యి. ముందు అదే అడుగుతాను.

మీ అత్త