చెన్నై దగ్గర జనం పోని డచ్చి కోట: పులికాట్

చెన్నై నుంచి ఒక్క రోజులో వెళ్ళి రాగలిగే, జనం పెద్దగా పోని యూరోపియన్ల కోట ఏదైనా ఉందా అని అడిగారు. నేనైతే పులికాట్ వెళ్ళమంటాను. కానీ ముందే చెప్పేస్తున్నాను, అక్కడ కోట లేదు.

డచ్చివారు 1613లో కట్టుకున్న గెల్డ్రియా కోటను ఇంగ్లీషువారు 1806లో నేలమట్టం చేశారు. మిగిలింది సర్కారు తుమ్మ కమ్మేసిన దిబ్బ, దాని చుట్టూ కందకం. ఫొటోల కోసమే అయితే పావుగంటలో ఉసూరుమంటారు. నిలబడి ఉన్న గోడలు, ఫిరంగులు చూడాలంటే మహాబలిపురం దాటి సద్రాస్ వెళ్ళండి, అదీ డచ్చివారిదే.

మరి పులికాట్ దేనికంటే, కోటకు దగ్గరలోనే ఉన్న డచ్చి సమాధుల కోసం. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు. నేను వెళ్ళినప్పుడు గేటుకు తాళం ఉంది, పక్కనున్న దుకాణంలో అడిగితే కాపలా ఆయనను పిలిచారు. ద్వారానికి రెండు పక్కలా రాతి అస్థిపంజరాలు నిలబడి ఉంటాయి, ఒకదాని దగ్గర ఇసుక గడియారం. లోపల పలకల మీద వంశ చిహ్నాలు, పుర్రెలు, డచ్చి రాతలు. ఒక పలక మీద చెయ్యి పెట్టి చూశాను: అక్షరాలను లోపలికి తొలవలేదు, చుట్టూ రాతిని చెక్కేసి పైకి నిలబెట్టారు. మూడు వందల ఏళ్ళ ఉప్పుగాలికి కూడా వేలికి తగులుతున్నాయి. ఆ పనితనం మన శిల్పులదే అయి ఉండాలని నా అనుమానం.

చనిపోయినవారికి ఇంత హంగు చేయగల డబ్బు ఎక్కడిదంటారా? విజయనగర రాజు రెండవ వేంకటపతిరాయలు 1610లో ఇచ్చిన అనుమతితో డచ్చివారు ఇక్కడ వ్యాపారం పెట్టి, మన తీరం నేతబట్టలను తూర్పు దీవులకు పంపి, బదులుగా సుగంధ ద్రవ్యాలు కొన్నారు. మచిలీపట్నం వర్తక స్థావరం కూడా కొంతకాలం దీని కిందే నడిచింది. తుపాకిమందు ఇక్కడే తయారయ్యేది. కరువుల్లో అమ్ముడుపోయిన మనుషులను కూడా ఇక్కడి నుంచే బటావియాకు (ఇప్పటి జకార్తా) ఓడల్లో తరలించారు. ఆ సంగతి తెలిసి చూస్తే ఆ వంశ చిహ్నాలు వేరేగా కనిపిస్తాయి. 1690లో ప్రధాన స్థావరం నాగపట్నానికి మారాక ఊరి వైభవం తగ్గింది.

సూళ్లూరుపేట నుంచైనా, చెన్నై నుంచైనా లోకల్ రైల్లో పొన్నేరిలో దిగి బస్సెక్కాలి. బస్సు మీద తమిళంలో ‘పళవేర్కాడు’ అని ఉంటుంది, పులికాట్ అని వెతక్కండి. ఉదయాన్నే చేరితే మంచిది, కోట దగ్గర నీడ తక్కువ. సరస్సులో తిప్పుతామని పడవవాళ్ళు అడిగితే మాత్రం ఎక్కకండి, 2011 డిసెంబరులో ఇక్కడే పడవ మునిగి 22 మంది పోయారు.