టీఎస్‌హెచ్ నార్మల్‌కి వచ్చింది కదా, థైరాయిడ్ మాత్ర ఆపేయొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 34. ఏడాది కిందట జుట్టు బాగా రాలుతోందని టెస్ట్ చేయిస్తే టీఎస్‌హెచ్ 14 వచ్చింది, యాంటీ టీపీఓ కూడా ఎక్కువే ఉందన్నారు. రోజూ 50 మైక్రోగ్రాముల మాత్ర వాడితే 2.8కి దిగింది. తగ్గిపోయింది కదా అని మానేశా. నెలరోజులు బానే ఉన్నా, ఇప్పుడు నాలుగు నెలలకి 19 అంటున్నారు, ఒళ్లంతా బరువు, పొద్దున లేచేసరికి కళ్లు ఉబ్బి ఉంటున్నాయి. గ్రంథి పని తగ్గిందంటూనే నంబర్ పెరిగిందంటారేంటి? జీవితాంతం వాడాల్సిందేనా?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: చూడమ్మా, మీలాగే మాత్ర మానేసి వచ్చేవాళ్లని దాదాపు ప్రతి వారం చూస్తుంటాను, ఇందులో మీ తప్పేం లేదు, రాసిచ్చినప్పుడే మేం కూర్చోబెట్టి చెప్పాల్సింది.

టీఎస్‌హెచ్ అనేది థైరాయిడ్‌లో తయారయ్యేది కాదు. మెదడు కింద శనగ గింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది, అది పంపే హార్మోన్ ఇది. స్కూల్లో వినాళ గ్రంథులు అని చదువుకున్నాం కదా, లాలాజల గ్రంథికి ఉన్నట్టు వీటికి నాళాలుండవు, తయారైంది నేరుగా రక్తంలో కలిసిపోతుంది. రక్తంలో థైరాయిడ్ హార్మోన్ తగ్గిందని తెలియగానే పిట్యూటరీ 'ఇంకా తయారుచెయ్' అని గొంతు పెంచుతుంది, పిలిస్తే పలకని పిల్లాడిని వాళ్లమ్మ ఇంకా గట్టిగా కేకేసినట్టు. మీ రిపోర్ట్‌లో 19 అంటే ఆ కేక. గ్రంథి ఎంత నీరసిస్తే కేక అంత పెద్దదవుతుంది.

మాత్రలో ఉండేది మీ గ్రంథి తయారుచేసే టీ4 హార్మోనే. అది బయట్నుంచి అందింది కాబట్టి పిట్యూటరీ నెమ్మదించి 2.8కి వచ్చింది, అంతేగానీ గ్రంథి కోలుకుందని కాదు. యాంటీ టీపీఓ అంటే థైరాయిడ్ మీదకి మన ఒళ్లే తయారుచేసే యాంటీబాడీలు, అవి ఎక్కువున్నాయంటే చాలావరకు హషిమోటో థైరాయిడైటిస్, అంటే మన రోగనిరోధక శక్తే ఆ గ్రంథిని కొద్దికొద్దిగా దెబ్బతీస్తుంది, 1912లో జపాన్ డాక్టర్ హషిమోటో మొదట దీని గురించి రాశారు. ఇలాంటప్పుడు ఎక్కువమందికి మాత్ర జీవితాంతం అవసరమవుతుంది. క్యాబేజీ తిన్నందుకు వచ్చిందని ఎవరన్నా అంటే నమ్మకండి, వండుకుని మామూలుగా తినొచ్చు.

మరి మానేశాక నెలరోజులు ఎందుకు బావున్నారంటే, టీ4 రక్తంలో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది, మిగిలిన సగంలో సగం పోవడానికి ఇంకో వారం, గ్రంథి కూడా ఎంతోకొంత ఇస్తూనే ఉంటుంది. అందుకే ఏం కాలేదనిపిస్తుంది, ఆ తర్వాతే ఒళ్లు బరువెక్కడం, కళ్లు ఉబ్బడం మొదలవుతాయి. మాత్ర వాడటం మొదలెట్టినా ఇంతే, పది రోజులకే టెస్ట్ చేయిస్తే అసలు సంగతి తెలీదు, 6 నుంచి 8 వారాలు ఆగాలి.

మీ డాక్టర్ని కలిసి మళ్లీ మొదలుపెట్టండి, డోసు వాళ్లే చెప్తారు. పొద్దున్నే పరగడుపున మంచినీళ్లతో వేసుకుని అరగంట నుంచి గంట దాకా టీ, కాఫీ, టిఫిన్ ఏదీ వద్దు. చాలామంది మాత్ర ఇలా వేసుకుని అలా టీ గ్లాసు అందుకుంటారు, మాత్ర సరిగ్గా ఒంటబట్టదు, నంబర్ దిగట్లేదని డోసు పెంచుకుంటూ పోతాం! ఈ మాత్రకీ, ఐరన్, కాల్షియం మాత్రలకీ మధ్యలో నాలుగు గంటల గ్యాప్ ఉండాలి. జుట్టు కోసం బయోటిన్ వాడుతుంటే టెస్ట్‌కి కనీసం రెండ్రోజుల ముందు ఆపండి, రిపోర్ట్ తప్పుగా రావచ్చు.

ఇంకోటి, పిల్లల కోసం ప్లాన్ చేస్తుంటే ముందే డాక్టర్‌కి చెప్పండి, ఇంత టీఎస్‌హెచ్‌తో మాత్రం వద్దు. మొదటి నెలల్లో బిడ్డ మెదడు ఎదగడానికి కావాల్సిన ఈ హార్మోన్ తల్లి నుంచే వెళ్తుంది, అందుకే నెల తప్పిందని తెలిసిన రోజే ఫోన్ చేయండి, డోసు పెంచాల్సి రావచ్చు.