మగెలాంగన్ అంటే ఫ్రైడ్ రైసా, నూడుల్సా?

రెండూ. ఇండోనేసియాలో నాసి గోరెంగ్ అంటే వేయించిన అన్నం, మీ గోరెంగ్ అంటే వేయించిన నూడుల్స్. ఈ రెండూ ఒకే మూకుడులో పడితే జావా మధ్యభాగంలో, ముఖ్యంగా జోగ్యకర్తా వైపు, దాన్ని మగెలాంగన్ అంటారు. ఈ పేరు బొరొబుదూర్ బౌద్ధ స్తూపానికి దగ్గర్లో ఉన్న మగెలాంగ్ ఊరి నుంచి వచ్చిందంటారు.

అన్నాన్ని ఇలా వేయించడం చైనా నుంచి వలస వచ్చినవాళ్లు తెచ్చిన అలవాటని చెబుతారు, కానీ రుచి మాత్రం పక్కా జావాదే. చిన్న ఉల్లిపాయలు, వెల్లుల్లి, మిరపకాయలు రాతి మీద నూరి నూనెలో వేయించి, గుడ్డు కొట్టి, చల్లారిన అన్నం, ఉడికించిన పసుపు నూడుల్స్, కాస్త క్యాబేజీ వేసి, చివర్లో కేచాప్ మానిస్ పోస్తారు. ఇది బెల్లం పాకంలా చిక్కగా ఉండే తియ్యటి సోయా సాస్, అన్నానికి ఆ ముదురు గోధుమ రంగు దీనివల్లే. మన బండి మీద ఫ్రైడ్ రైస్ తిన్న నోటికి మొదటి ముద్ద మరీ తియ్యగా అనిపిస్తుంది (నాకైతే పక్కన పచ్చిమిర్చి ఉండాల్సిందే). కొన్నిచోట్ల ఇప్పటికీ బొగ్గుల కుంపటి మీద ఒక్కో ప్లేటు విడిగా వండుతారు, ఆలస్యమైనా ఆ పొగ వాసన కోసం ఆగొచ్చు.