మోటర్‌హోమ్ ఇంజిన్ వేడెక్కుతుంటే ముందు చూడవలసిన చోటు

పాత డీజిల్ మోటర్‌హోమ్ (మంచం, వంటిల్లు ఉన్న ఇల్లులాంటి బండి) కొనుక్కుని పిల్లలతో అమెరికా చూడాలని బయలుదేరే మన కుటుంబాలు తరచుగా అడిగే సందేహం ఇది. చదును రోడ్డు మీద బండికి ఏ ఇబ్బందీ ఉండదు. కాలిఫోర్నియాలో గ్రేప్‌వైన్ కొండ దారి గాని, కొలరాడోలో ఐజన్‌హోవర్ సొరంగం వైపు ఐ-70 హైవే గాని ఎక్కడం మొదలుపెట్టేసరికి ఉష్ణోగ్రత ముల్లు పైకి పోతుంది. షెడ్డులో చూపిస్తే రేడియేటర్ మార్చాలంటూ వేల డాలర్ల అంచనా ఇస్తారు. ఆ పనికి ఒప్పుకునే ముందు రేడియేటర్‌కు ఇంజిన్ వైపున ఉన్న ముఖాన్ని మీ కళ్లతో చూడండి.

ఇంజినూ రేడియేటరూ రెండూ వెనకనే ఉన్న బళ్లలో, బయట నిలబడి చూస్తే రేడియేటర్ శుభ్రంగానే కనిపిస్తుంది. మురికంతా లోపలి వైపే ఉంటుంది. ఇంజిన్ ఆవిరి బయటికి పోయే బ్రీదర్ గొట్టం నుంచి సన్నటి నూనె తుంపర వస్తుంది. ఫ్యాన్ దాన్ని రేడియేటర్ మీదికీ, దానికి ఆనుకుని ఉండే చార్జ్ ఎయిర్ కూలర్ (టర్బో నుంచి ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని చల్లబరిచే భాగం) మీదికీ తోస్తుంది. ఆ తడి మీద రోడ్డు దుమ్ము పట్టి, వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కు పట్టే జిడ్డులా గట్టిపడుతుంది. రేడియేటర్‌కు ఉండే పలుచటి లోహపు రెక్కల సందుల్లో గాలి ఆడనప్పుడు లోపల కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ఎంత నిండుగా ఉన్నా వేడి బయటికి పోదు.

కడగడానికి ఇంజిన్ పూర్తిగా చల్లారాలి, తాళంచెవి మీ జేబులో ఉండాలి. చాలా బళ్లలో మంచం కింద మూత తీస్తే ఇంజిన్ వైపు నుంచి చేయి పెట్టే వీలుంటుంది. ఎయిర్ సస్పెన్షన్ బండి (గాలి సంచుల మీద నిలిచేది) అయితే చట్రానికి సరైన స్టాండ్లు పెట్టకుండా కిందికి దూరవద్దని చేతులు జోడించి చెబుతున్నాను; గాలి దిగిపోతే బండి బరువంతా మనిషి మీదికే వస్తుంది. ఆల్టర్నేటర్‌కూ వైర్ల కనెక్టర్లకూ ప్లాస్టిక్ సంచులు కట్టండి. గాఢమైన క్షారం ఉన్న డిగ్రీజర్లు (జిడ్డు వదిలించే ద్రవాలు) అల్యూమినియంను తినేస్తాయి కనుక, అల్యూమినియంకు హాని చేయదని డబ్బా మీద స్పష్టంగా రాసి ఉన్నదాన్నే తెచ్చి, తోట పనికి వాడే పంపుతో రెక్కల లోతుకు తగిలేలా కొట్టి, ఆరిపోనివ్వకుండా పావుగంట నాననివ్వండి. తరువాత మామూలు గొట్టం నీటితో ముందు బయటి వైపు నుంచి ఇంజిన్ వైపుకూ, ఆపైన ఇటు నుంచి అటూ కడగండి. మొదట నల్లటి మడ్డి కారుతుంది. నీరు తేటగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేయవలసిందే. ప్రెషర్ వాషర్ మాత్రం వద్దు, దాని ధాటికి మెత్తటి రెక్కలు మడతపడి సందులు శాశ్వతంగా మూసుకుపోతాయి. ఈ జిడ్డు నీరు వీధి కాలువలో కలవకూడదు కాబట్టి, ఇంటి ముందు కాకుండా మురుగునీటిని పట్టే ఏర్పాటున్న ట్రక్ వాష్‌లో చేయించడం మేలు.

ఇంతా చేసి బ్రీదర్ గొట్టాన్ని అలాగే వదిలేస్తే జిడ్డు తిరిగి పడుతుంది. దానికి మరికొంత గొట్టం తగిలించి, కొసను ఫ్యాన్ గాలికి అందనంత దూరానికి, కిందికి వంగి ఉండేలా తిప్పించండి. నా దృష్టిలో కడగడం కన్నా ముఖ్యమైన పని ఇదే.

ట్రాఫిక్‌లో నిలిచి ఉన్నప్పుడు కూడా వేడెక్కుతుంటే లోపం ఫ్యాన్‌లోనో, బెల్టులోనో, కూలెంట్ ప్రవాహాన్ని అదుపు చేసే థర్మోస్టాట్‌లోనో ఉండవచ్చు. కూలెంట్ తగ్గుతుంటే ముందు లీకు వెతకాలి. వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత ఎట్టి పరిస్థితిలోనూ తీయవద్దు.

కొండ ఎక్కేటప్పుడు ముల్లు లేస్తే మీరే గేరు తగ్గించి, యాక్సిలరేటర్ మీద కాలు తేలిక చేయండి. ఇంజిన్ వేగంగా తిరిగితే దానితోపాటే నీటి పంపూ వేగం అందుకుంటుంది, లోడు తగ్గితే పుట్టే వేడీ తగ్గుతుంది. అప్పటికీ దిగకపోతే సురక్షితమైన చోట పక్కకు ఆపండి. అద్దె బండి అయితే ఇవేవీ మీరు విప్పవద్దు, అద్దెకిచ్చిన కంపెనీకి అక్కడి నుంచే ఫోన్ చేయండి.